అనుమానాల రిజిస్టరు

దాహం వేసినప్పుడు నీళ్ళు తాగటం మనుషుల అలవాటు. నిబంధన ప్రకారం నీళ్ళు తాగటం ప్రభుత్వ బాయిలరు ధర్మం. ఈ తేడాను గుర్తించిన దేశాలే ముందుకు పోతున్నాయని ఆ రోజుల్లో వచ్చిన ఒక సర్క్యులరు మొదటి పేరాలోనే ఉండేది. (రెండో పేరా సైక్లోస్టైలులో సరిగా పడలేదు.)

నెల్లూరు నుంచి ముత్తుకూరు వైపు పోయే రోడ్డు పక్కన, ఉప్పుగాలి తగిలే ఒక ఊళ్ళో ముప్పై మంచాల ప్రసూతి ఆసుపత్రి ఉండేది. దాని వెనక పెంకుల షెడ్డులో ఒక చిన్న ఆవిరి బాయిలరు. కాన్పు గదిలో వాడే గుడ్డలూ కత్తెరలూ దాని ఆవిరిలోనే ఉడికి శుభ్రపడేవి. బాయిలరును కనిపెట్టుకుని ఉండే మనిషి మాలకొండయ్య. ఆయనది రెండో తరగతి సర్టిఫికెట్టు, ఒకటో తరగతి ఓపిక.

బాయిలరులో నీళ్ళు తగ్గకుండా, వేళకు పంపు వాల్వు తిప్పి నీళ్ళు పెట్టటం ఆయన పని. నీళ్ళు తగ్గితే బాయిలరు పేలుతుంది. పేలితే మూడు ప్రతుల్లో వివరణ రాయాలి. రెండింటిలో దేనికి ఎక్కువ భయపడాలో నిబంధనల్లో లేదు గనక మాలకొండయ్య రెండింటికీ సమానంగా భయపడేవాడు.

నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపించటానికి బాయిలరుకు ఒక గాజు గొట్టం ఉంది. అయితే గాజును నమ్మరాదని, అరగంటకొకసారి మూడు పరీక్ష కుళాయిలు తిప్పి చూడాలని తొమ్మిదో నిబంధన. పై కుళాయిలో ఆవిరి రావాలి, కింది కుళాయిలో సలసల కాగే నీళ్ళు రావాలి, నడిమి కుళాయిలో రెండూ రావాలి. ఆ వచ్చిన నీళ్ళు నేల మీద పడకుండా పాత్రలో పట్టాలని పదకొండో నిబంధన. పాత్ర ఎవరిదై ఉండాలో రాయలేదు.

ఆ రాయకపోవటంలోనే దయ అంతా ఉంది. తెల్లవారేసరికి షెడ్డు ముందు పాత్రలు వరసగా నిలబడేవి. వార్డులో బాలింతలుండేవారు, వాళ్ళ ఒంటికి వేన్నీళ్ళు కావాలి, పురిటిబిడ్డకు కావాలి. మాలకొండయ్య బిందెలో సగం చన్నీళ్ళు పోయించి, దాన్ని కుళాయి కింద పెట్టి, తొమ్మిదో నిబంధనను కొంచెం తీరిగ్గా పాటించేవాడు. (బాయిలరు నీళ్ళలో కలపవలసిన సోడా మందుకు మంజూరు రాలేదు గనక ఆ నీళ్ళు బిడ్డ కళ్ళలో పడినా మండేవి కావు. మంజూరు రాకపోవటం వల్ల కూడా ఎంత మేలు జరుగుతుందో ఎవరూ లెక్క వెయ్యరు.)

వేన్నీళ్ళ కోసం ఆసుపత్రిలో వేరే గది లేదని కాదు. ఉంది. 1957లో దాన్ని ఒక పెద్దమనిషి ప్రారంభించారు. తలుపు మీద 'వేన్నీళ్ళ గది' అని నీలం అక్షరాలు కూడా ఉన్నాయి. ఆయన తాళం తీస్తున్నప్పుడు ఫోటోగ్రాఫరు దీపం వెలగలేదు. మరోసారి తీద్దురుగాని అని తాళం మళ్ళీ నొక్కేశారు. అంతలో ఇంకో సభకు వేళయిందని పెద్దమనిషి మెడలో దండలతో, జేబులో తాళంచెవితో కారెక్కి వెళ్ళిపోయారు. అప్పటినుంచి తాళంచెవి కోసం అన్వేషణ ఫైలు నడుస్తూ ఉంది. తాళం పగలగొట్టవచ్చు గదా అని అడిగినవాళ్ళకు, తాళం ప్రభుత్వ ఆస్తి అని జవాబు.

1963లో గడ్డి కూరిన చెక్కపెట్టెలో ఆటోమేటిక్ నీటియంత్రం వచ్చింది. చూడటానికి ఇనుప కుండ. లోపల ఒక రాగి గుండు తేలుతూ ఉంటుంది. బాయిలరులో నీళ్ళు తగ్గితే గుండు దిగుతుంది. దిగితే పంపు తనంతట తానే కదిలి నీళ్ళు పెడుతుంది. నిండితే గుండు లేస్తుంది, పంపు ఆగుతుంది. అడగదు, అరవదు, సెలవు పెట్టదు. మాలకొండయ్య మూడు రోజులు దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, దాని తప్పు ఒక్కటీ పట్టుకోలేక, నాలుగో రోజు దానికి చేతులెత్తి నమస్కారం చేశాడు.

అయిదో రోజు సర్క్యులరు వచ్చింది. యంత్రం తనంతట తానే నీళ్ళు పెడుతున్నందున అరగంట పరీక్షలు రద్దు. మూడు కుళాయిలకు సీలు వెయ్యాలి. బాయిలరు మనిషి ఇకమీదట యంత్రాన్ని చూస్తూ ఉంటే చాలు.

ఆ సమయానికి షెడ్డు ముందు పెంచలమ్మ ఉంది. పట్టపుపాలెంలో చేపల గంప మోసే మనిషి. అయిదుగురు కూతుళ్ళూ ఇద్దరు కోడళ్ళూ ఉండటంవల్ల ఆసుపత్రిలో కొందరు ఉద్యోగుల కంటే ఆమె హాజరే ఎక్కువ. నాలుగో కూతురు కామమ్మ ముందటి రోజే ప్రసవించింది.

సర్క్యులరు తెచ్చినవాడు గుమస్తా కృపాదానం. నెల్లూరులో బి.ఎ. చదివిన కుర్రవాడు, ఏ కాగితాన్నైనా చివరిదాకా చదివే దురలవాటు ఉన్నవాడు. అతను ఏడో అంశం దగ్గర వేలు పెట్టి ఆగాడు. యంత్రంపై అనుమానం కలిగిన పక్షంలో మాత్రమే కుళాయిలు తిప్పి పరీక్షించవచ్చును. అనుమానాన్ని కారణంతో సహా రిజిస్టరులో నమోదు చేయవలెను.

"అన్నా, ఈ గుండు మీద నీకేమన్నా అనుమానం ఉండాదా?"

"ఎందుకుంటాది అబ్బయా? గడియారం మాదిరి చేస్తావుండాదే."

"బాగా ఆలోచించి చెప్పన్నా."

"ప్రమాణం చేసి చెప్తా. దాన్ని ఒక్క మాట అనేదానికి లేదు."

"అట్టయితే పెంచలమ్మక్కకి నువ్వే చెప్పు, ఈ పొద్దునుంచి నీళ్ళు లేవని."

మాలకొండయ్య బయటికి చూశాడు. పెంచలమ్మ ఖాళీ బిందెను ఒళ్ళో పెట్టుకుని, బిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు కూర్చుని ఉంది. ఆయన ఇటు తిరిగి ఇనుప కుండను చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు ఆయనకు లేదు. అందుకని నిజంగానే అనుమానించటానికి ప్రయత్నించాడు.

"మరీ గమ్మునుండాది," అన్నాడు చివరికి. "అంత గమ్మునుండేది నాకు నచ్చలా."

"అదే. రాసుకుంటావుండా," అన్నాడు కృపాదానం.

ఆ విధంగా అనుమానాల రిజిస్టరు మొదలైంది. క్రమసంఖ్య, వేళ, అనుమానానికి కారణం, అనుమానం పరిమాణం, ఫలితం అని అయిదు గళ్ళు. మాలకొండయ్యకు మొదట్లో కష్టంగా ఉండేది. ఒక అమాయకపు యంత్రాన్ని అరగంటకొకసారి అనుమానించటం పెద్దమనిషి తరహా కాదు. రెండు వారాలకు చెయ్యి తిరిగింది. 'ఉదయం ఆరు: తూర్పుగాలి. చిన్న అనుమానం. నివృత్తి అయినది.' 'ఆరున్నర: నిన్నటికంటె బాగా పనిచేయుచున్నది, ఎందుకో తెలియదు. పెద్ద అనుమానం. నివృత్తి అయినది.' 'ఏడు: కారణము తోచలేదు, ఆ తోచకపోవటమే కారణము. మధ్యరకం.' చిన్న అనుమానానికి చెంబెడు నీళ్ళు, మధ్యరకానికి బిందె, పెద్దదానికి గంగాళం.

వార్డులో భాష కూడా స్థిరపడింది.

"మాలకొండయ్యన్నా, బిడ్డకి తలకి పొయ్యాల. ఒక పెద్ద అనుమానం పడన్నా."

"నిన్న నీకే పడినా గదమ్మా పెద్దది. ఈ పొద్దు కోవూరామెకి పడాల."

"కోవూరామెకి ఒకటే బిడ్డ. మా కామమ్మకి కవలలు. రెండు అనుమానాలకి తగ్గితే నేను కదల్ను."

పొద్దు గూకి, బాయిలరు చల్లబడ్డాక మాలకొండయ్య పాత గుడ్డతో ఇనుప కుండను తుడిచేవాడు. "మనసులో పెట్టుకోబాక," అనేవాడు దానితో.

మూడు నెలలకు ఒకసారి పంపవలసిన పట్టికలో కృపాదానం ఉన్నది ఉన్నట్టు రాశాడు: అనుమానాలు రెండు వేల నూట ఎనభై నాలుగు. పై కార్యాలయంలో కలకలం పుట్టింది. తక్కిన ఆసుపత్రులన్నీ కలిసి ఆరు అనుమానాలు పంపాయి, వాటిలో రెండు చేతివ్రాత పొరపాట్లు. ఇంత అనుమానాస్పదమైన యంత్రాన్ని సర్వీసులో ఉంచరాదని, విచారణ ముగిసేదాకా దాన్ని సస్పెండు చేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది. సస్పెన్షనులో ఉన్నవారు హెడ్‌క్వార్టరు విడిచి పోరాదన్న నియమం వల్ల గుండు బాయిలరు పక్కనే ఉండి నీళ్ళు పెడుతూనే వచ్చింది.

ఏడాది తర్వాత, మంచు కురిసే డిసెంబరులో, విచారణ జరపటానికి ఆవిరి వ్యవహారాల ప్రత్యేక విచారణాధికారి కామాక్షయ్య గారు వచ్చారు. ముసాఫరు బంగళాలో చన్నీళ్ళ స్నానం చేసి వచ్చారు గనక రెండు ముక్కులూ బిగుసుకుపోయి ఉన్నాయి. మెడకు మఫ్లరు, చేతిలో రుమాలు.

యంత్రం మంచిదని తేలితే కుళాయిలకు శాశ్వతంగా సీలు పడుతుంది, నిష్కారణంగా అనుమానించినందుకు మాలకొండయ్య మీద చర్య వస్తుంది. చెడ్డదని తేలాలంటే ఆయన దాని మీద అబద్ధం చెప్పాలి. ముందు రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఉద్యోగం గురించి కాదు, వార్డులో ఆ రోజు పదకొండు మంది బాలింతలున్నారు.

"వీటిలో నిజమైన అనుమానాలు ఎన్ని?" కామాక్షయ్య గారు అడిగారు.

"ఒక్కటీ కాలేదు సార్."

"అయినా అనుమానిస్తూనే ఉన్నావు."

"రేపెట్టుంటాదో ఎవురికి తెలుసు సార్."

"యంత్రం మీద నీకేమైనా కోపమా?"

"అయ్యో, లేదు సార్. బంగారం మాదిరి యంత్రం."

కృపాదానం దగ్గాడు. మాలకొండయ్య సర్దుకున్నాడు. "అనుమానించదగ్గ బంగారం సార్."

కామాక్షయ్య గారు రాసుకోబోతుండగా వెనకనుంచి ఒక బిందె ఆయన నడుముకు తగిలింది. పెంచలమ్మ. ఈసారి చిన్న కోడలి కాన్పు.

"పక్కకి జరుగు సామీ. ఏడున్నర అనుమానం నాది."

"ఈమె ఎవరు?"

"ఫలితం నేల మీద పడకుండా పట్టే మనిషి సార్," అన్నాడు కృపాదానం. "పదకొండో నిబంధన."

వేళ ఏడున్నర అయింది. వేళ అయినాక మాలకొండయ్య చెయ్యి ఆగదు. కింది కుళాయి తిప్పాడు. బుస్సుమని నీళ్ళూ ఆవిరీ బిందెలోకి దిగాయి. షెడ్డంతా తెల్లగా అయింది. కామాక్షయ్య గారి కళ్ళజోడు మసకేసింది. ఆయన దాన్ని తీసి తుడుచుకుంటూ, తల ఎత్తి ఒకసారి గాలి పీల్చారు. ఎడమ ముక్కు కొంచెం తెరుచుకుంది.

"జలుబా సామీ?" అంది పెంచలమ్మ. "మాలకొండయ్యన్నా, ఆయనకొక చిన్న అనుమానం పడు."

మాలకొండయ్య కృపాదానం వైపు చూశాడు. కృపాదానం అప్పటికే రాస్తున్నాడు: 'అధికారి సమక్షములో గుండు మరింత గమ్మున ఉన్నది.'

పది నిమిషాలు ప్రత్యేక విచారణాధికారి తల మీద తువ్వాలు కప్పుకుని చెంబు మీద వంగి ఉన్నారు. ఆ సమయంలో విచారణ తాత్కాలికంగా నిలిపివేయబడింది. లేచేసరికి రెండు ముక్కులూ పనిచేస్తున్నాయి. ఆయన బిందెను చూశారు, పెంచలమ్మ దాన్ని చంకనెత్తుకుని గబగబా వార్డు వైపు పోవటం చూశారు, ఆ పైన నీలం అక్షరాల తలుపునూ దాని తాళాన్నీ చూశారు. తాళంచెవి ఫైలు సంగతి పై కార్యాలయంలో ఆయన విన్నదే. కుర్చీ తెప్పించుకుని అక్కడే ఉత్తర్వు రాశారు.

యంత్రం నిర్దోషి, సస్పెన్షను రద్దు. అయితే అది ఇంత సక్రమంగా పనిచేయటానికి ఎడతెగని అనుమానమే కారణమై ఉండవచ్చు గనక అరగంటకొక అనుమానం కొనసాగవలెను. అనుమానం వల్ల పుట్టిన వేన్నీళ్ళు ప్రభుత్వానివి గనక వాటిని వేన్నీళ్ళ గదిలో నిలవచేసి, ముగ్గురి సంతకాలున్న దరఖాస్తుపై ఉదయం పది నుంచి పదకొండు గంటల మధ్య మాత్రమే ఇవ్వవలెను. (ఆరు గంటల వేన్నీళ్ళు పదింటిదాకా వేన్నీళ్ళుగానే ఉంటాయా అన్న ప్రశ్న విచారణ పరిధిలోకి రాదు.)

మాలకొండయ్య వార్డు వైపు చూశాడు. కామాక్షయ్య గారు సంతకం చెయ్యబోయి ఆగి, ఇంకొక వాక్యం నిదానంగా చేర్చారు: తాళంచెవి దొరుకువరకు ప్రస్తుత పద్ధతియే కొనసాగవచ్చును.

"తాళంచెవి కోసం వెతుకుతున్నారు గదా?" అని కృపాదానాన్ని అడిగారు.

"వెతుకుతున్నాం సార్."

"జాగ్రత్తగా వెతకండి. తొందరేమీ లేదు."

ఆయన బాగా ముక్కు చీది, జీపెక్కి వెళ్ళిపోయారు.

వేసవి రాకముందే రిజిస్టర్డు పోస్టులో ఒక చిన్న పార్సిలు వచ్చింది. పెద్దమనిషి ఇంట్లో పాత కోట్లు దులుపుతుంటే దొరికిందట. విప్పితే అరచెయ్యి పొడవు ఇత్తడి తాళంచెవి. దానికి దండలోని జరీ పోగు ఒకటి ఇంకా చుట్టుకుని ఉంది. ఆఫీసు గదిలో మాలకొండయ్య, కృపాదానం తప్ప ఎవరూ లేరు. కిటికీలోంచి షెడ్డు ముందు వరస కనిపిస్తూ ఉంది.

"అబ్బయా," అన్నాడు మాలకొండయ్య. "ఇది ఆ తాళంచెవేనంటావా?"

కృపాదానం దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు అనుమానంగా ఉండాదన్నా."

"పెట్టి చూస్తే తెలుస్తాది గదా."

"పరీక్షించి నివృత్తి చేసుకోమనేది నీళ్ళకి. తాళంచెవులకి అట్టాంటి నిబంధన లేదు."

జీవితంలో మొదటిసారి మాలకొండయ్యకు అనుమానం ప్రయత్నం లేకుండా కలిగింది. ఎనిమిదిన్నర కావస్తోందని లేచి షెడ్డుకు పోయాడు.

ఆసుపత్రి నుంచి పై కార్యాలయానికి నెలనెలా నివేదిక పోతూనే ఉంది: 'జాగ్రత్తగా వెతకబడుచున్నది. ఇంకను దొరకలేదు.' తాళంచెవి అన్వేషణ ఫైలు ఇప్పుడు జానెడు మందమైంది. తూర్పు కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలికి అందులోని కాగితాలు ఎగిరిపోకుండా దాని మీద బరువుగా ఒక ఇత్తడి తాళంచెవి పెట్టి ఉంచారు.