ఎటు తిప్పితే అటు తిరిగే ఉపగ్రహం

ఉపగ్రహమంటూ ఉంటే చెప్పుల పెట్టెంతే ఉండాలి! లారీ అంత టెలిస్కోపులు ఎవరికి కావాలండీ? వాటిని కాస్త పక్కకి జరపాలన్నా పది కమిటీలు కూర్చోవాలి. చిన్నదానికి ఆ పొగరుండదు. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇంతకన్నా వరం ఏముంటుంది?

నమ్మకం కుదరకపోతే ఈ ఇంజనీరమ్మ సంగతి వినండి.

ఆవిడ ఉపగ్రహానికి పని ఒక్కటే. ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాన్ని రెప్ప వేయకుండా చూడటం. దాని ముందు నుంచి ఏదైనా గ్రహం దాటితే వెలుగు వెంట్రుకవాసి తగ్గుతుంది. సమాన వ్యవధిలో మూడుసార్లు తగ్గితే కొత్త గ్రహం దొరికినట్టే. రెండుసార్లు తగ్గింది! మూడోది మంగళవారం పదకొండు గంటలకి. అది తప్పితే మళ్ళీ ఏడు నెలలకి. ఉపగ్రహానికి మిగిలిన ఆయుష్షేమో నాలుగు నెలలు.

"ఏమ్మా, ఇవాళైనా నీ గ్రహం మొహం చూపిస్తుందా?" మంగళవారం పొద్దున్నే అత్తగారు అడిగారు. కోడలికన్నా ఆవిడకే ఆత్రం.

"చూపిస్తుందత్తయ్యా. చూడగానే మొదటి ఫోన్ మీకే."

పదిన్నరకి కంట్రోల్ రూములోకి డైరెక్టర్‌గారు వేంచేశారు. వెనక ఆరుగురు అతిథులు.

"అమ్మా, దాన్ని ఓసారి కిందకి తిప్పు. పదకొండింటికి మన నెత్తిమీదుగానే పోతుందిగా! మన ఆఫీసు పైనుంచి ఎలా ఉంటుందో వీళ్ళు చూస్తారట."

ఇంజనీరమ్మ గడియారం చూపించింది. "సార్, సరిగ్గా అప్పుడే గ్రహం దాటుతుంది. రేపు తిప్పనా?"

"రేపు వీళ్ళుండరు. గ్రహం ఎక్కడికి పోతుందమ్మా? కోట్ల ఏళ్ళుగా అక్కడే తిరుగుతోందిగా!"

ఎంత లోతైన ఖగోళ జ్ఞానం! ఉద్యోగంలో ఆవిడదీ చిన్న సైజే. తిప్పింది.

మిణుకుమనే చుక్కల కోసం చేసిన కెమెరా భూమి వెలుగుకి బెదిరి ఆగిపోయింది. మర్నాటిదాకా లేవలేదు. వచ్చిన ఫోటోలో తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. అయినా ఒక అతిథి వేలుపెట్టి, "ఇదేనా మీ పార్కింగు?" అని మెచ్చుకున్నాడు. డైరెక్టర్‌గారు దానికి ఫ్రేము కట్టించారు.

సాయంత్రం గుమ్మంలో అత్తగారు కోడలి మొహం చూశారు. చేతిలో సంచీ అందుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. గ్రహం ఎందుకు కనబడలేదో రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. కింద సంతకం డైరెక్టర్‌గారిదే!

ఇంజనీరమ్మ తెల్లకాగితం తీసుకుని రాసింది: "నక్షత్రానికి గ్రహం అడ్డు రావలసిన వేళకి, ఉపగ్రహానికి మీరు అడ్డొచ్చారు."

మూడుసార్లు చదువుకుంది. ఏడాదిన్నరలో తను కనిపెట్టిన నిజం అదొక్కటే అనిపించింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఇంకోటి తీసుకుని, "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి పంపేసింది.

కాబట్టి మహాశయులారా, ఆ మూడు ముక్కలు ఎక్కడ చదివినా పాపం యంత్రాన్ని తిట్టకండి. సాంకేతిక కారణానికి కాళ్ళుంటాయి, కుర్చీ ఉంటుంది, అది నడిచొస్తుంటే తలుపు తీసి పట్టుకునే మనిషి కూడా ఉంటాడు!