గుంట పూడ్చిన కుర్చీ

సంసారం సుఖంగా సాగాలంటే ఇంట్లో ఒక పాత కుర్చీ ఉండాలి. దాని పాత బట్ట ఒలిచేసి కొత్తది తానే వేయాలన్న సంకల్పం ఇంటాయనకు కలగాలి. ఈ రెండూ కుదిరిన ఇల్లాలిది పెట్టి పుట్టిన జాతకం! నాది అలాంటి జాతకమే. మీకూ ఆ యోగం పట్టాలని ఇది రాస్తున్నాను.

మా ఇంటి చేతుల కుర్చీ మా అత్తగారు కాపురానికి వచ్చిననాటిది. కిటికీ పక్కన ఆవిడ కూర్చుని కూర్చుని దాని మధ్యలో గుంట పడింది. ఆవిడ పొట్టి మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. ఆ గుంటలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతాయి. ఎవరినీ పిలవకుండా లేవగలరు. ఈ ఇంట్లో ఆవిడ సొంతంగా లేవగలిగిన కుర్చీ అదొక్కటే.

"అది వట్టి కుర్చీ కాదు, వింటేజ్" అన్నారు మా ఆయన ఒక ఆదివారం, ఫోన్‌లో వీడియో చూసి. ఆ వీడియోలో ఒకాయన కాఫీ చల్లారేలోగా కుర్చీని కొత్తది చేసేశాడు. మా ఆయనది అలాంటి కంగారు స్వభావం కాదు. మొదలుపెట్టినప్పుడు ఎండలు మండుతున్నాయి, ముగించేసరికి స్వెటర్లు బయటికి తీశాం.

ఈలోగా కలిగిన లాభాలు వింటే మీరు కుళ్ళుకుంటారు. ఇల్లంతా మేకులు, స్టేప్లర్ పిన్నులు. దాంతో ఎక్కడ అడుగు వేస్తున్నామో చూసి వేసే అలవాటు అందరికీ వచ్చింది. డబ్బు పోసి ధ్యానం క్లాసులకు వెళ్ళేవాళ్ళకైనా ఇంత ఏకాగ్రత కుదురుతుందా? డైనింగ్ టేబుల్ మీద కుర్చీ పడుకుంది కాబట్టి నిలబడి తిన్నాం, తక్కువ తిన్నాం. కొలత నేర్చుకోవడానికి ముందు కిటికీ కర్టెన్ కత్తిరించారు. ఎదురింటివాళ్ళకు మేమిప్పుడు బాగా పరిచయం!

సీటు విప్పితే లోపల ఒక పెన్ను దొరికింది. ఆ పెన్ను కొట్టేశాడనే ఆఫీసులో ఒక స్నేహితుడితో మా ఆయన మాటలు మానేశారు. పెన్ను దొరికిన సంగతి ఆ స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.

మరి ఇంతకాలం అత్తగారు ఎక్కడ కూర్చున్నారంటారా? మంచం మీద. లేవాలంటే నన్ను పిలవాలి. అత్తాకోడళ్ళ మధ్య ఇంత అన్యోన్యం ఇంకెవరు తెచ్చిపెడతారు? "పాలు దించే రా అమ్మా, తొందరేం లేదు" అంటారావిడ మొహమాటంగా. తొందరేనని ఇద్దరికీ తెలుసు. అలా పిలవాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని.

చివరికి కుర్చీ తయారైంది. గుంట ఉన్నచోట మా ఆయన మందపాటి ఫోమ్ వేశారు. ఒకటి చాలదేమోనని ఇంకొకటి వేశారు. పైన నెమలికంఠం రంగు వెల్వెట్. కొంచెం గుంట ఉంచితే బాగుండేదేమో అన్నాను. "గుంట కావాలని ఎవరైనా కోరుకుంటారా?" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! ఫొటోలు పెట్టగానే లైకులు కురిశాయి. పెన్ను స్నేహితుడు కూడా ఒకటి కొట్టాడు, పాపం.

అత్తగారిని తీసుకొచ్చి కుర్చీ ఎక్కించారు. ఎక్కించారనే అనాలి. ఆవిడ పాదాలు గాలిలో ఉన్నాయి. కదిలితే వెల్వెట్ మీద జారుతున్నారు. ఫోమ్ ఎంత వేయాలో మా ఆయన వీడియోను అడిగారు, కామెంట్లలో లోకాన్నంతా అడిగారు. అందులో కూర్చునే మనిషి పక్క గదిలోనే ఉన్నారు.

ఆవిడ వెల్వెట్‌ను చేత్తో నిమిరారు. "చాలా బాగుందిరా అబ్బాయ్. ఇంత అందంగా చేస్తావనుకోలేదు. ఇక నేను కూర్చోడానికి ఏదన్నా చూడు" అన్నారు.

బాల్కనీలో పూలకుండీ పెట్టుకునే పొట్టి ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుండీ దించి, తుడిచి, కిటికీ పక్కన వేశాను. అత్తగారు కూర్చున్నారు. పాదాలు నేలకు ఆనాయి. తనంతట తానే లేచారు. మళ్ళీ కూర్చున్నారు. పనేమీ లేకపోయినా ఇంకోసారి లేచి కూర్చున్నారు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా ఆయన ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి సీటు నొక్కి చూశారు.

"దీనికి కూడా కాస్త ఫోమ్ వేస్తే..."

అత్తగారు రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నారు.

"వేద్దువుగాని నాయనా, నేను పోయాక."