పెద్దాయన పేరున తొమ్మిదివేల ఎనిమిదివందల నలభై

అక్టోబరు మూడో శనివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. కారకోల్ పట్టణంలో ఉష్ణోగ్రత సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉంది. గాలి లేదు. దక్షిణాన కొండల మీద మాత్రం మబ్బు నడుము దాకా దిగింది. ఆ మబ్బును చూస్తూనే తిలెక్ కారు ఇంజను వేడెక్కనిచ్చి, భార్యతో, "పదికల్లా బయల్దేరకపోతే దొలోన్ కనుమ దాటలేం. సాయంత్రానికి మంచు పడుతుందంటున్నారు. పడిందా, దారి తెరిచేసరికి నాన్న మనసు మారిపోతుంది; మీ అమ్మని చూడ్డం ఇక వసంతంలోనే," అన్నాడు.

జిపార్‌కు ఆ మాట రెండోసారి చెప్పనక్కరలేకపోయింది. ఆమె మార్చిలో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది; నరీన్‌లో ఉన్న తల్లిని ఆ తర్వాత చూడలేదు. కోడలు తొలిసారి పుట్టింటికి వెళ్ళాలంటే మామగారు అరచేతులు పైకెత్తి దీవించాలి. ఆయన దీవించనిదే కారు గేటు దాటదు. మామగారైన జుమాకదిర్ గారు వేసవి అంతా "చూద్దాం" అంటూ వచ్చి, నిన్న భోజనాల దగ్గర "సరే, ఒక వారం" అన్నారు. పెట్టె నడవలోకి చేరింది. నూనెలో పొంగించిన బోర్సోకులు మూటలో ఉన్నాయి. ఇక మిగిలింది టీ తాగడం, దీవెన అందుకోవడం, బయల్దేరడం.

టీ ఇంకా కప్పుల్లోకి దిగకముందే గేటు దడదడలాడింది.

"ఒరేయ్ పశువుల డాక్టరూ! బయటికి రా! నీ బండారం బయటపడింది!"

వచ్చినవారు ఎసెన్‌గుల్. జుమాకదిర్ గారికి ఈడువారు. ఒకే ఏట పుట్టినవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనవచ్చు, ఎవరూ నొచ్చుకోకూడదు అన్నది అక్కడి పద్ధతి. ఎసెన్‌గుల్ ఆ హక్కును ఏ ఒక్క రోజూ వృథా పోనిచ్చినవారు కారు. ఆయన వెనకే, సాక్ష్యానికి తెచ్చుకున్న మరో ఈడువారు ముకాష్ టోపీ దులుపుకుంటూ లోపలికి వచ్చారు.

"పెద్దాయనట! సొంత పేరు పెట్టుకునే దమ్ము లేక పెద్దాయనట!" అంటూ ఎసెన్‌గుల్ తన ఫోను జుమాకదిర్ గారి ముక్కు ముందు ఆడించారు. "ఎండాకాలం అంతా ఆ ఫోను ఆట పట్టికలో నేను రెండో స్థానంలో ఉన్నా. ఈ ఊళ్ళో నా నెత్తినెక్కినవాడు ఎవడా అని బుర్ర బద్దలు కొట్టుకున్నా. ఇవాళ పొద్దున చూస్తే పేర్ల పక్కన బొమ్మలొచ్చాయి. చూస్తే ఏముంది? నీ గోధుమరంగు గుర్రం! ఆ గుర్రం మొహం ఊళ్ళో ఎవడికి తెలీదు?"

చేతిలో టీ కెటిల్‌తో నిలబడిన జిపార్ వంటింటివైపు చూసింది.

ఈ సంగతికి మూలం వంటింట్లో ఉంది. ఆ ఇంట్లో సరిగా పనిచేసే ప్లగ్గు పొయ్యి పక్కన ఒక్కటే. అందువల్ల జుమాకదిర్ గారి ఫోను పగటిపూట అక్కడే ఉండేది. ఆ ఫోనులో తిలెక్ తండ్రి కోసం ఓర్దో ఆట పెట్టాడు. గొర్రె కీలుఎముకలను వలయంలోంచి గురిచూసి బయటికి కొట్టే ఆట అది; ఊళ్ళో పెరట్లలో ఆడేదే, తెరమీద వేలితో ఆడాలి. పిండి పొంగేదాకా చేయడానికి వేరే పనిలేని జిపార్ వేలు ఒకనాడు ఆ తెరను తాకింది. ఆమె ఫోను అద్దం పగిలిపోయి ఉంది కనుక ఈ తెర నున్నదనం ఆమెకు నచ్చింది. ఆట ముగిశాక ఫోను, ఈ సంఖ్యను ఎవరి పేరున దాచమంటావని అడిగింది. కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. తన పేరే రాస్తే, ఊరంతా చూసే పట్టికలో, ఆయన ఫోనులోనే, ఆయనను తోసి తాను పైపీటన కూర్చున్నట్టవుతుంది. అందుకని ఆమె మర్యాదగా "పెద్దాయన" అని రాసింది. ఆ మర్యాదే వారం వారం పెరిగి ఊళ్ళో మొదటి స్థానానికి చేరింది.

రెండో మూలం ఆట తయారుచేసినవాళ్ళది. ఆట ముగియగానే తెరమీద అప్పటిదాకా వచ్చినవాటిలో అతిపెద్ద సంఖ్య అరచేయంత అక్షరాలతో వెలుగుతుంది. ఇప్పుడు వచ్చినది కింద మూలన ఆవగింజంత ఉంటుంది. జుమాకదిర్ గారు కళ్ళజోడు పెట్టుకోరు.

"నేనే," అన్నారాయన ఠీవిగా, కప్పు అందుకుంటూ. "రోజూ కునుకు తీశాక ఒక ఆట వేస్తా. రోజూ అంతే వస్తుంది. తొమ్మిదివేల ఎనిమిదివందల నలభై. ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. నిలకడగల చెయ్యంటే అదీ."

"నాకూ అంతేరా! రోజూ తొమ్మిదివేల ఆరువందల పదిహేను!" అన్నారు ఎసెన్‌గుల్, ఒక్క క్షణం పగ మరిచి. వెంటనే గుర్తు తెచ్చుకున్నారు. "కానీ నీకెలా వస్తుందిరా? గొర్రెకి సూది వెయ్యబోయి కాపరికి వేసినవాడివి!"

"ఒక్కసారి. అదీ గొర్రె కదిలితే."

"మా ముందు ఆడు. ఆ అంకె రాకపోతే గొర్రెను కోసి ఈడువాళ్ళందర్నీ పిలవాలి."

"వస్తే?"

"నేను కోస్తా. ముకాష్, విన్నావుగా?"

"ఎవరు కోసినా నేను తింటా," అన్నారు ముకాష్.

పందెం పడిన ఇంట్లో ఉత్త టీ పోయడం అత్తగారు బురుల్ గారికి తలవంపులుగా తోచింది. "అమ్మాయ్, పెట్టె సంగతి తర్వాత. ఉల్లిపాయలు తరిగి, ఆ మాంసం పొయ్యిమీద పెట్టు," అన్నారు కోడలితో.

తిలెక్ గుమ్మంలోంచి తల పెట్టాడు. "అమ్మా, తొమ్మిదైంది."

"గడియారం నాకూ కనిపిస్తోంది. వెళ్ళి ఇంజను ఆపు."

ఇంజను ఆగింది. ఉల్లిపాయలు తరుగుతున్న జిపార్‌కు ఆ నిశ్శబ్దం స్పష్టంగా వినిపించింది. నిజం బయటపడితే రెండు తప్పులు మెడకు చుట్టుకుంటాయి: పని మానేసి ఆడటం, ఈడువాళ్ళ ముందు మామగారిని నవ్వులపాలు చేయడం. నవ్వులపాలైన మనిషి అరచేతులు పైకెత్తుతాడా?

జుమాకదిర్ గారు ఆడారు. రెండు ఎముకలు వలయం దాటాయి. మూడోది దాటినట్టే దాటి ఆగిపోయింది. అరచేయంత అక్షరాలతో 9,840 వెలిగింది. ఆయన ఫోను ఎత్తి అందరికీ చూపించారు.

"ఇలా తే," అని ఎసెన్‌గుల్ లాక్కుని తానూ ఆడారు. ఈడువాడి ముందు జేబులోంచి కళ్ళజోడు తీయడమంటే ఓడినట్టే కనుక ఆయనా తీయలేదు. 9,840. "హా! చూశావా? నీ ఫోనులో నాకూ వచ్చింది! నీ గొప్ప కాదురా, ఫోను గొప్ప! నాది నాసిరకం, తక్కువ ఇస్తోంది!"

ముకాష్ జన్మలో మొదటిసారి ఫోనును రెండు చేతులా పట్టుకుని, తెరను బొటనవేలితో పొడిచారు. 9,840. ఎసెన్‌గుల్ ఫోనును పొడిచారు. 9,615. "నాకు రెండు రకాలూ వస్తున్నాయి," అన్నారు వినయంగా.

బురుల్ గారు పిండిచేతిని కొంగుకు తుడుచుకుని, ఇంతమందికి వచ్చేది తనకెందుకు రాదని ఒక ఆట వేశారు. ఆమెకూ వచ్చింది.

"అదంతా నాకు అలవాటు పడిన ఫోను కాబట్టి," అన్నారు జుమాకదిర్ గారు. ఆయన గొంతులో ఠీవి తగ్గింది. "నా చేత్తో ఆడీ ఆడీ అది నేర్చుకుంది."

"గుర్రమా నేర్చుకోడానికి? ఓ పని చేద్దాం. దీన్ని ఎన్నడూ ముట్టనివాళ్ళ చేత ఆడిద్దాం. వాళ్ళకీ అదే వస్తే గొప్ప ఫోనుదే, పందెం లేదు. నీ కోడల్ని పిలువు."

జిపార్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గోడ గడియారంలో తొమ్మిది నలభై. ఆమె మనసు చకచకా లెక్క వేసింది. తాను చెత్తగా ఆడితే చాలు. పెద్ద అంకె కదలదు. గొప్పంతా ఫోనుకు పోతుంది, మామగారి పరువు నిలుస్తుంది, గొర్రె బతుకుతుంది, పదిలోపు దీవెన దొరుకుతుంది. అంతకన్నా సులువైన పని లోకంలో లేదు: గురి తప్పడం.

ఆమె గురి తప్పించాలనే కూర్చుంది. మొదటి ఎముకను కావాలనే పక్కకు కొట్టింది. అది గోడకు తగిలి తిరిగివచ్చి మరో మూడింటిని బయటికి నెట్టింది. జిపార్ కంగారుపడింది. కంగారుపడినప్పుడు మనిషి ఆలోచన మాని అలవాటును నమ్ముకుంటాడు. అలవాటుకు లోకజ్ఞానం ఉండదు. వేలు తన పని తాను చేసుకుపోయింది. వలయం ఖాళీ అయింది.

ఫోను బూర ఊదింది. తెరనిండా బాణాసంచా. 10,260.

"ఈ బూర నేనెప్పుడూ వినలేదే," అన్నారు జుమాకదిర్ గారు నెమ్మదిగా.

గదిలో ఎవరికీ అర్థంకానిది ఏమీ మిగల్లేదు. నలుగురు ఆడినా కదలని అంకె ఐదో మనిషికి కదిలింది. ముందుగా ఎసెన్‌గుల్ తేరుకున్నారు. తొడ చరిచి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "నీ నిలకడగల చెయ్యి వంటింట్లో ఉందిరా! ఊరంతా చెప్తా! బజార్లో చెప్తా! గుర్రానికి కూడా చెప్తా!"

జుమాకదిర్ గారు నవ్వు ఆగేదాకా ఓపిక పట్టారు. తర్వాత, రోగం పోల్చుకున్న వైద్యుడిలా అడిగారు. "ఎసెన్‌గుల్, నీ ఫోను పగలు ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటే నీకేం? వంటింట్లో..."

ఎసెన్‌గుల్ తన ఫోనును ఎవరిదో అన్నట్టు చూశారు. జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకుని, తెర మూలన ఉన్న ఆవగింజను చాలాసేపు చదివారు. లేచి టోపీ పెట్టుకున్నారు.

"మీ ఇంట్లో పిండి కలిపేది కోడలేగా?" అన్నారు జుమాకదిర్ గారు.

"నాకు ఇంట్లో పనుంది," అని ఆయన వెళ్ళిపోయారు. ముకాష్ మాంసం కోసం ఉండిపోయారు.

జుమాకదిర్ గారు కోడలివైపు తిరిగారు. "పెద్దాయన అని రాసింది నువ్వేనా?"

"అవును మావయ్యగారూ. మీ పేరు నేను రాయకూడదు కదా."

"మరి నీ పేరు రాసుకోవచ్చుగా?"

"మీ ఫోనులో, మీకంటే పైన... బావుండదని."

ఆయన తప్పును వెతికారు. ఒక్కో మెట్టే వెనక్కి నడిచి చూశారు. ప్రతి మెట్టు మీదా మర్యాదే కూర్చుని ఉంది. మర్యాదగా నడుచుకున్నందుకు కోడలిని మందలించడం ఆయన ఎరిగిన పద్ధతుల్లో లేదు. గుమ్మంలో తిలెక్ వచ్చి నిలబడ్డాడు. గడియారం మాట ఎత్తే ధైర్యం అతనికి లేదు.

"మీ అమ్మ దగ్గర ఎన్నాళ్ళు ఉంటావు?"

"వారమన్నారు మీరు." ఆ వారం కూడా పోయిందనే ఆమె అనుకుంది.

"వారమేంటి? ఏడు నెలలైంది తల్లిని చూసి. నెల ఉండు." ఆయన పొయ్యి పక్క ప్లగ్గువైపు ఒకసారి చూశారు. "ఫోను ఇక్కడే ఉంటుంది. నెలదాకా దాన్ని ఎవరూ ముట్టరు. నేను తప్ప."

వెంటనే అరచేతులు పైకెత్తారు. దీవెన ఎంత త్వరగా సాగిందంటే, బురుల్ గారు చేతులకున్న పిండితోనే ఆనవాయితీ ప్రకారం మొహం తడుముకుని ముగించాల్సివచ్చింది. కారు పదికి ముందే గేటు దాటింది. తిలెక్ అద్దంలో వెనక్కి చూశాడు. తండ్రి కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముకాష్ పక్కనుంచి ఏదో సలహా చెబుతున్నారు.

దొలోన్ మీద ఆ సాయంత్రమే మంచు పడింది, వాళ్ళు దాటిన తర్వాత. అటుపై ఆరేళ్ళపాటు ప్రతి అక్టోబరులోనూ జిపార్‌ను, ఆమె అడగకముందే, నెల రోజులు పుట్టింటికి పంపారు. ఎసెన్‌గుల్ గారి కోడలిని కూడా అదే నెలలో పంపేవారు. ఆ ఆరేళ్ళలో జుమాకదిర్ గారికి వచ్చిన అతిపెద్ద సంఖ్య పదమూడువందల డెబ్బై.