గండుపిల్లి దొర ఓడలో న్యాయం

ఒక పెద్ద అడవిలో, అదీ కరీబియన్ సముద్రం నడుమ దీవిలో ఉన్న అడవిలో, గాస్తోన్ అనే గండుపిల్లి ఉండేవాడు. పరాసు దేశం, అంటే ఫ్రాన్సు నుంచి వెట్టివాడుగా వచ్చాడు. యజమాని చేత తన్నులు తిని తిని, తన్నడం నేర్చుకుని, ఓడదొంగల కప్తాను అయ్యాడు.

దీవికి గవర్నరు ఒక ముసలి తాబేలు. దోపిడీలో వాటా తన డిప్ప కిందికి చేరితే, ఆకు మీద కాలిముద్ర వేసి ఇచ్చేవాడు. ఆ ఆకు ఉంటే పొరుగు ఓడల్ని దోచుకోవడం దేశసేవ. లేకపోతే దొంగతనం.

గాస్తోన్ ఓడలో అందరూ సమానమే. దోచినది సమంగా పంచుకునేవారు. పోరులో కాలో కన్నో పోయినవాడికి పరిహారం ఉండేది. మీసమున్న ప్రతివాడికీ ఓటు ఉండేది. ఈ న్యాయం తలుచుకుని మగకుక్కలూ మగపిల్లులూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

ఓడకి తిండి మాత్రం ఒడ్డునున్న ఆడవాళ్ళు తయారుచేసేవారు. పచ్చికట్టెల పొగమీద మాంసం ఎండబెడితే నెలల తరబడి చెడిపోదు. ఒకనాడు పొగపందిరి కూలి, మాదెలోన్ అనే ముంగిస ముందుకాలు కాలిపోయింది. ఇక వేటాడటం ఆమె వల్ల కాదు. ఇంట్లో కళ్ళు తెరవని పిల్లలు. ఓడవాళ్ళ సభకు వెళ్ళి తనకూ పరిహారం ఇప్పించమంది.

గాస్తోన్ నవ్వాడు. "కాలు పోరులో పోవాలి. పొయ్యి దగ్గర పోతే అది నీ అజాగ్రత్త."

"ఆ పొయ్యి మీది తిండి తినే కదా దొరా మీరు పోరాడేది?"

"వంట కూడా ఒక పనేనటే? మా అమ్మ జన్మంతా చేసింది. ఏనాడైనా వాటా అడిగిందా?"

"కావాలా అని ఆమెను మీరు అడిగారా?"

సభలో ఎవరో దగ్గారు. మాదెలోన్ ఓటు పెట్టమంది. మీసమున్నవాళ్ళకే ఓటన్నారు. మాకూ ఉంది, చూసుకోండని మూతి ముందుకు చాపింది. ఉంటే సరిపోదు, మెలెయ్యడం రావాలని ఒక ముసలికుక్క తీర్పు చెప్పాడు. ఇది ఆడవాళ్ళ గొడవంటూ గవర్నరు తల లోపలికి లాక్కున్నాడు.

మాదెలోన్ వెళ్ళి మిగతా ఆడవాళ్ళతో మాట్లాడింది. మర్నాడు ఓడకి మాంసం వచ్చింది, పచ్చిది. ఇదేమిటని ఓడవాళ్ళు నిలదీస్తే, పొగబెట్టడం పనే కాదని సభే తేల్చింది కదా, కాని పని చెయ్యకపోతే మీకొచ్చిన నష్టమేమిటని ఆడవాళ్ళు అడిగారు.

గాస్తోన్‌కి పౌరుషం వచ్చి, పచ్చిమాంసంతోనే తెరచాప ఎత్తించాడు. నడిసముద్రంలో గాలి పడిపోయింది. మాంసానికి పురుగు పట్టింది. ఓడవాళ్ళు తోలుతాళ్ళు నమిలారు. ఆ తరవాత చూస్తే, ఓడలో ఒంటిమీద కండ మిగిలింది ఒక్క కప్తానుకే.

తనని ముట్టుకోవద్దంటూ గాస్తోన్ గవర్నరిచ్చిన ఆకు చూపించాడు. ముందు ఆకు తిన్నారు. ఆపైన చట్టప్రకారం సభ పెట్టి ఓట్లేశారు. వ్యతిరేకంగా పడింది కప్తాను ఓటొక్కటే. వండటం ఎవరికీ రాదు గనక పచ్చిగానే కానిచ్చారు.

గాలి మళ్ళీ లేచి ఓడ ఒడ్డుకు చేరగానే, వాళ్ళు మొట్టమొదట మాదెలోన్‌కి కాలి పరిహారం చెల్లించారు. స్త్రీజాతి పట్ల తనకున్న గౌరవమే ఇందుకు కారణమని గవర్నరు ఉపన్యసించాడు.

ఇందులో నీతి ఏమిటంటే, వంట కూడా ఒక పనేనా అని నవ్వేవాడు ఆకలిగొన్న స్నేహితుల మధ్య కూర్చోకూడదు.