లాన్ ఊడ్చవలెను

"పచ్చిక లేని కంపెనీ పరువు లేని కంపెనీ!" అని మా మేనేజరు కోదండరామయ్య గారు 1958 మే ఇరవై ఆరో తేదీ ఉదయం పదిన్నరకు టేబులు మీద గుద్ది మరీ ప్రకటించారు. ఆ గుద్దుకు సిరాబుడ్డి ఒలికింది. ప్రకటన చరిత్రాత్మకమైనది కనుక నేను సిరా తుడవటం మాని, ముందు ఆ మాట రాసుకున్నాను.

మాది సస్యలక్ష్మి ఎరువుల కంపెనీ, బందరు బ్రాంచి. అందులో నేను గుమాస్తాను, పేరు కోటేశ్వరరావు. రైతులకు అమ్మోనియా అమ్మటం కంపెనీ పని. అమ్మోనియా లేదని చెప్పటం నా పని. గేటు పక్క కిటికీలో కూర్చుని, పర్మిట్లు పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్లతో "స్టాకు లేదు, వచ్చే సోమవారం కనపడండి" అని రోజుకు నలభైసార్లు అంటాను. ఏ సోమవారమో ఎవరూ అడగరు. కృష్ణాజిల్లా రైతులు మర్యాదస్తులు.

నా కిటికీకీ మేనేజరు గారి గదికీ మధ్య ఐదు సెంట్ల లాన్ ఉంది. దాని నెత్తిన 'పచ్చికపై నడవరాదు' అని బోర్డు ఉంది.

ఆ రోజు మద్రాసు హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. 'వేసవి చివర నేల ఆకలిగొనియుండును. కావున ప్రతి బ్రాంచి ఆవరణలోని పచ్చికకు చదరపు గజమునకు ఒక ఔన్సు చొప్పున అమ్మోనియా చల్లి, సమృద్ధిగా నీరు పెట్టవలెను. జూన్ ఇరవయ్యవ తేదీన డైరెక్టరు దయానందం గారు స్వయముగా తనిఖీ చేయుదురు.'

"ఔన్సేమిటయ్యా ఔన్సు! మనమేమన్నా హోమియోపతీ డాక్టర్లమా? నాలుగు బస్తాలు చల్లించు!" అన్నారు కోదండరామయ్య గారు.

మాలీ నాంచారయ్యను పిలిపించారు. గూడూరు దగ్గర ఎకరం కౌలుకు చేసుకుంటూ, అది చాలక మా గడ్డికి నీళ్లు పోస్తుంటాడు. బస్తాలు చూసి తల గోక్కున్నాడు.

"రోహిణీకార్తె గదండీ. నీళ్లు లేకుండా ఇంత అమ్మోనియా వేస్తే మాడిపోద్దండీ."

"ఎరువుల సంగతి ఎరువుల కంపెనీకే చెబుతున్నావా?"

"చిత్తం. అయితే అందులో ఓ అరబస్తా నాకిప్పించండి బాబూ. నారుమడికి. మా ఇంటిది వీరలక్ష్మి బావి నీళ్లు మోసైనా నారు పెంచుతానంటంది. ఈ యేడు నారు లేకపోతే కౌలు భూమి ఇంకోళ్లకిచ్చేస్తారండీ."

"స్టాకు లేదయ్యా!" అన్నారు మేనేజరు గారు, బస్తా మీద చెయ్యి ఆనించి. "ఉన్నది లాన్‌కి."

నాలుగు బస్తాలూ చల్లారు. నీళ్ల సంగతి మర్చిపోయారు. మూడో రోజుకు లాన్ మాడిన అప్పడంలా అయింది. 'ఎరువు అద్భుతముగా పనిచేయుచున్నది' అని మేనేజరు గారు హెడ్డాఫీసుకు రాశారు. అందులో అబద్ధమేమీ లేదు.

తరవాత నాంచారయ్య మీద పడ్డారు. "ఇరవయ్యో తేదీకి ఇది పచ్చబడాలి. పడకపోతే ఇరవై ఒకటో తేదీన నువ్వు రానక్కర్లేదు!"

ఆ సాయంత్రం నాంచారయ్య నా కిటికీ దగ్గరకొచ్చాడు. "గుమాస్తా గారూ, పచ్చగా ఉంటే చాలు గదండీ? ఫలానా గడ్డే ఉండాలని రూలేమన్నా ఉందాండీ?"

సర్క్యులరు అటూ ఇటూ తిప్పి చూశాను. 'పచ్చిక' అని ఉంది గానీ జాతి పేరు లేదు. "రూలు లేదు" అన్నాను. నా ఉద్యోగంలో ఒక మనిషికి పనికొచ్చే మాట చెప్పటం అదే మొదలు.

మేనేజరు గారు 'అత్యవసరం' అని మునిసిపాలిటీకి రాసి, వీధి కుళాయికి రావలసిన నీళ్లు లారీల మీద మా లాన్‌కు తెప్పించారు. నాంచారయ్య నీళ్లు నిలబెట్టాడు, ఎరువు ఘాటు పోయేలా మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాడు, మట్టి తొక్కి దమ్ము చేశాడు, పలకలా చదును చేశాడు. జూన్ రెండున తడిగోనెలోంచి మొలకలు తీసి చల్లాడు.

"ఏమిటి చల్లుతున్నావు?" అని వరండాలోంచి అడిగారు మేనేజరు గారు.

"అక్కుళ్లండీ" అన్నాడు నాంచారయ్య నిజాయితీగా.

అక్కుళ్లు మా వైపు పండే వడ్లు. కోదండరామయ్య గారు యాభై ఏళ్లుగా రెండుపూటలా తింటున్నది ఆ బియ్యమే. కాని ఆయన వాటిని కంచంలో తప్ప మరెక్కడా చూడలేదు.

"అక్కులస్! లాటిన్ పేరులా ఉందే! ఫారిన్ జాతి అయి ఉంటుంది. కోటేశ్వరరావూ, రిజిస్టరులో ఎక్కించు!"

ఎక్కించాను. స్పెల్లింగు కూడా ఆయనే చెప్పారు.

ఇరవయ్యో తేదీన దయానందం గారు కారు దిగారు. జానెడు ఎత్తున, చిలకపచ్చగా, గాలికి ఊగుతోంది లాన్. ఆయన బూట్లు విప్పారు, మేజోళ్లు విప్పారు, పాంటు పైకి మడిచి దానిలో నడిచారు.

"వండర్‌ఫుల్! ఇంగ్లండులో చదువుకున్న రోజుల్లో కూడా ఇలాంటి గడ్డి చూళ్లేదు!"

సరిగ్గా అప్పుడే, గేటు బయట వరసలో నిలబడ్డ తాతారావు అనే రైతు, అవనిగడ్డ నుంచి మూడు సోమవారాలు తిరిగి ఈసారి శుక్రవారం వచ్చినవాడు, లోపలికి తొంగిచూసి గట్టిగా అన్నాడు: "నారు భలే తేరిందండీ! ఎన్నాళ్లదండీ అది?"

నాంచారయ్య బకెట్టు తీసుకుని బోర్డు వెనక్కి జరిగాడు.

"ఏమంటాడు?" అన్నారు డైరెక్టరు గారు.

కోదండరామయ్య గారు నవ్వేశారు. "పల్లెటూరివాడండీ, పాపం. పచ్చగా ఏది కనపడినా వరే అనుకుంటాడు!"

"అందుకే మన కంపెనీ ఉన్నది. వీళ్లకి వ్యవసాయ విజ్ఞానం అందించాలి" అన్నారు డైరెక్టరు గారు, కాలికంటిన బురద తుడుచుకుంటూ. తాతారావు తన పర్మిటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారు వెళ్లగానే మేనేజరు గారు ఆర్డరు చెప్పారు, నేను రాశాను: 'డైరెక్టరు గారు మెచ్చిన పచ్చిక గనుక, మాలీ నాంచారయ్య, ఆదివారములతో సహా, లాన్ ఊడ్చవలెను.' సంతకం చేశారు. నాంచారయ్యకు చదువు రాదు. నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఊడ్చమనే రాశారాండీ?"

"ఊడ్చమనే."

"సంతకం కూడా పెట్టారా?"

"పెట్టారు."

కాగితం మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. కాలవలకు అప్పటికే నీళ్లొదిలారు.

జూన్ ముప్ఫై, సోమవారం. మేనేజరు గారు రిక్షా దిగి చూస్తే బోర్డు ఉంది, బోర్డు కింద బురద ఉంది.

"లాన్ ఏదయ్యా?"

"నిన్న ఊడ్చేశామండీ."

"చెత్త ఊడ్చమంటే గడ్డి పీకుతావా!"

"చెత్తని రాయలేదండీ, లాన్ ఊడ్చమని రాశారు." తలగుడ్డలోంచి కాగితం తీసి చూపించాడు. "నారు తీసి మా చేలో ఊడ్చామండీ. ఎకరానికి సరిగ్గా సరిపోయింది."

మా వైపు వరి నాటటాన్ని ఊడ్చటమనే అంటారు. ఆ సంగతి ఎరువుల కంపెనీ మేనేజరుకు అప్పుడే గుర్తొచ్చింది.

"నారా? ఏం నారు?"

"అక్కుళ్లండీ. మొదట్నుంచీ చెబుతానే ఉన్నా గదండీ!"

మేనేజరు గారు డిస్మిస్ ఆర్డరు చెప్పటం మొదలుపెట్టారు. 'కంపెనీ ఆవరణలో వరినారు పెంచి...' అని ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తయితే, డైరెక్టరు గారు నారుమడిలో బూట్లు విప్పి ఇంగ్లండును తలుచుకున్నారని కూడా రాయాలి. కాగితం ఆయనే చింపేశారు.

గురువారం మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. 'అక్కులస్ పచ్చికను గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ బ్రాంచీలలోనూ వెంటనే వేయించవలెను. శనివారములోగా విత్తనము పంపవలెను.' బజారులో వడ్లు కొంటే ఎందుకని హెడ్డాఫీసు వాళ్లు అడుగుతారు. కొన్నా చల్లటం ఎవరికి తెలుసు? నాంచారయ్య ఆ రోజు సెలవులో ఉన్నాడు. మేనేజరు గారూ నేనూ జట్కా కట్టించుకుని గూడూరు వెళ్లాం.

నాంచారయ్య మోకాటి లోతు బురదలో ఉన్నాడు. మా లాన్ ఎకరం పొడవునా వరసలు తీరి ఉంది. ఈసారి ఎవరికీ బోర్డు అక్కర్లేదు.

"నాంచారయ్య గారూ!" అన్నారు కోదండరామయ్య గారు గట్టు మీద నుంచి. ఆ 'గారు' ఆయన నోట్లోంచి రావటానికి కొంచెం సేపు పట్టింది. "ఆ గడ్డి విత్తనం ఓ రెండు బస్తాలు కావాలయ్యా."

నాంచారయ్య తీరిగ్గా చేతులు కడుక్కున్నాడు.

"పర్మిటు తెచ్చారాండీ?"

మేనేజరు గారు జేబులు తడుముకున్నారు.

"స్టాకు లేదండీ. వచ్చే సోమవారం కనపడండి" అని నాంచారయ్య మళ్లీ వంగి, ఒరిగిన మొక్కను సరిచేసుకున్నాడు. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అచ్చం నా కిటికీ గొంతే.

"వీడికి ఈ మాటలు ఎవరు నేర్పారయ్యా, కోటేశ్వరరావూ?" అన్నారు మేనేజరు గారు జట్కా ఎక్కుతూ.

నాకు సిగ్గేసింది. ఏ సోమవారమో నేనూ అడగలేదు.