పోయినవాళ్ళ ఓట్లు

ఆ ఆదివారం పొద్దున్న పంతెలిమోన్‌కి ఉన్న పనులు రెండే. దారిలో చర్చి దగ్గర ఆగి ఒక జాబితా ఇవ్వాలి. ఇంకో జాబితా పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఎన్నిక జరిపించాలి. రెండు జాబితాలూ తనే, ఒకే టైపు మిషను మీద, ఒకే బూడిదరంగు కాగితాల మీద కొట్టాడు. రెండూ ఒకేరకం అట్టల్లో పెట్టి, ఒకేరకం దారంతో కట్టాడు. మనిషికి పొందిక ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

మా మోల్దోవా విడి దేశమై మూడు నెలలు దాటింది. మొట్టమొదటి అధ్యక్షుడి ఎన్నిక. పోటీలో ఉన్నది ఒక్కరే, అయినా ఎన్నిక ఎన్నికే కదా! "ఓటర్ల జాబితాలో సగానికి పైగా సంతకాలు పడకపోతే నీ ఉద్యోగం ఊడినట్టే" అని జిల్లా ఇన్‌స్పెక్టరు స్పిరిదోన్ వారం ముందే చెప్పి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళ గుమాస్తాగిరీ. అది పోతే, ఈ వయసులో పంతెలిమోన్ ద్రాక్షతోటల్లో కూలికి వెళ్ళాలి.

చర్చి జాబితా సంగతి వేరు. పాత సర్కారు మా ఊరు కోర్బీట్సలో చర్చిని ఎరువుల గోదాము చేసింది. మళ్ళీ తెరిచి నెలయింది. ఇన్నేళ్ళుగా పోయినవాళ్ళ పేర్లు ప్రార్థనలో చదివిన నాథుడు లేడు. కరువులో పోయినవాళ్ళు, సైబీరియాకు తోలుకుపోతే అక్కడే పోయినవాళ్ళు, అంతా కలిపి మూడువందల పన్నెండు మంది తేలారు. కొత్తగా వచ్చిన ఫాదర్ ఇరినేయ్‌కి ఊళ్ళో ఎవరున్నారో ఎవరు పోయారో తెలియదు. "ఇంటిపేర్లతో సహా రాయి నాయనా. ఉత్తినే ఇయోన్ అంటే నలభైమంది ఇయోన్లలో ఎవరని దేవుడు మాత్రం వెతుక్కుంటాడు?" అన్నాడాయన.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పంతెలిమోన్‌కి తన చేతిలోని అట్టలే సరిగా కనబడలేదు. ఒకటి ఫాదర్‌కి ఇచ్చాడు. రెండోది పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

మొదటి ఓటరు సాఫ్తా. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, నోరు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది.

"నీ పేరు లేదు అత్తా" అన్నాడు పంతెలిమోన్, జాబితా మూడోసారి తిప్పుతూ.

"లేకపోవడమేంట్రా? నిన్నూ నీ మిషన్నూ కలిపి బావిలో పారెయ్యా! సరిగ్గా చూడు."

"మీ ఆయన తొయాదెర్ పేరుంది."

తొయాదెర్ నలభైయేడు కరువులో, సాఫ్తా ఒళ్ళో ప్రాణం విడిచాడు. పంతెలిమోన్ ఆ కింది పేరు చూశాడు. దాని కింది పేరు చూశాడు. అందరూ కొండమీద శ్మశానంలో ఉన్నవాళ్ళే. అట్ట అక్కడే వదిలేసి చర్చికి పరుగెత్తాడు.

లోపల ధూపం, కొవ్వొత్తులు. జనం కొయ్యబారిపోయి నిలబడ్డారు. "నిద్రించిన నీ దాసులను కరుణించు ప్రభూ" అంటూ ఫాదర్ రాగయుక్తంగా చదువుతున్నాడు. ఒక్కో పేరు వినబడగానే ఒక్కో మనిషి తూలిపోతున్నాడు. బతికున్నవాడి పేరు పోయినవాళ్ళలో కలిపి చదివితే ఏడాది తిరక్కుండా వాడు పోతాడని మా నమ్మకం. పగవాళ్ళ కోసం డబ్బిచ్చి మరీ చదివించేవాళ్ళు ఒకప్పుడు.

పంతెలిమోన్ నోరు తెరిచేలోపే "పంతెలిమోన్ మునుత్యాను!" అని వినబడింది. ముందు వరసలో ఉన్న అతని భార్య అగ్రిపీనా గిరుక్కున వెనక్కి తిరిగింది. గుమ్మంలో, పొగమంచులో, మొగుడు. కెవ్వుమంది. ఆ కేకకి పంతెలిమోన్ నేలకూలాడు.

తెలివి వచ్చేసరికి చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉంది. చీకట్లో దారి తప్పకుండా మేం పోయేవాళ్ళ చేతిలో పెట్టే కొవ్వొత్తి. అగ్రిపీనా గుండెలు బాదుకుంటోంది. "పొద్దున్నే పక్కలో గురక పెట్టాడమ్మా! అది ఆఖరి గురకని నాకేం తెలుసు!"

"బతికే ఉన్నానే, ఊరుకో!" అని కొవ్వొత్తి ఆర్పేసి లేచాడు. "ఫాదర్, ఆ కాగితాలేవి?"

"చదవడం అయిపోయింది నాయనా. చదివిన పేర్లు ఎవరి కాళ్ళ కిందా పడకూడదు కదా" అంటూ ఫాదర్ పొయ్యి వైపు చూపించాడు. మూడువందల నలభైమంది ఓటర్లు బూడిదై ఉన్నారు.

పంతెలిమోన్ ఏడ్చినంత పని చేస్తూ ఆఫీసుకు తిరిగొచ్చాడు. అక్కడ సాఫ్తా కదల్లేదు. "నా మొగుణ్ణి బతికుండగా ఎవరూ ఒక్క మాట అడగలేదురా. ఇప్పుడు సర్కారువారే పేరు రాసి పిలిచారు. వాడి కాగితం ఇలా తే" అంది. తొయాదెర్ పేరు ఎదురుగా సంతకం చేసింది. ఓటు పెట్టెలో వేస్తూ, పోయినవాళ్ళ పేరున ఏది ఇచ్చినా మేమనే మాటే అంది, "దేవుడు క్షమించుగాక."

అంతలో చర్చి నుంచి జనం వచ్చారు. ముఖాల్లో నెత్తుటిచుక్క లేదు. సంతకం చెయ్యమంటే ఒక్కరూ కలం ముట్టుకోరు. "మమ్మల్ని చదివేశారు. మాకింకా ఓటేమిటి?" అంటారు.

"ఓరి వెర్రిమొహాల్లారా!" అని సాఫ్తా లేచింది. "అక్కడ మిమ్మల్ని పోయినట్టు చదివారు, ఇక్కడ వాళ్ళని ఉన్నట్టు రాశారు. చెల్లుకు చెల్లు! మీవాళ్ళ తరఫున సంతకం పెడితే మీ గండం గడుస్తుంది."

ఆ మాటతో తోపులాట మొదలైంది. కొడుకులు తండ్రుల పేరున, మనవరాళ్ళు అవ్వల పేరున సంతకాలు చేశారు. ఎవరో ఓటుపెట్టె మీద కొవ్వొత్తి పెట్టారు, ఇంకెవరో పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమల ప్రసాదం తెచ్చారు. ఆ సమయానికి దిగాడు ఇన్‌స్పెక్టరు స్పిరిదోన్.

"ఈ కొవ్వొత్తులేమిటి?"

"కరెంటు పోయింది సార్."

స్పిరిదోన్ నెత్తిమీద వెలుగుతున్న బల్బు కేసి చూశాడు. "ఇప్పుడే వచ్చింది సార్" అన్నాడు పంతెలిమోన్.

"ఓటు వేసిన ప్రతివాడూ దేవుడు క్షమించుగాక అంటాడేం? మన అభ్యర్థి ఏం పాపం చేశాడని?"

"ముందుజాగ్రత్త సార్. ఇకమీద చెయ్యబోయేవాటికి."

పొద్దువాలేసరికి మూడువందల అయిదు సంతకాలు పడ్డాయి. మిగిలినవి ఏడు. అవి బోస్తాన్ కుటుంబానివి. నలభైతొమ్మిదిలో ఆ ఏడుగుర్నీ తెల్లవారకుండా సైబీరియా బండెక్కించారు. ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ళ తరఫున చెయ్యడానికి ఊళ్ళో రక్తసంబంధమన్నది లేదు. వాళ్ళ ఇంటినే తర్వాత పంచాయతీ ఆఫీసు చేశారు. సగం ఎప్పుడో దాటింది కనక పంతెలిమోన్ ఆ ఏడింటినీ ఖాళీగానే వదిలేసి, జనాన్ని పంపించి, పొయ్యిలో కట్టెలు వేసి వచ్చాడు.

స్పిరిదోన్ జాబితా తిరగేసి ఎగిరి గంతేశాడు. "మూడువందల పన్నెండుకి మూడువందల పన్నెండు! జిల్లాలోనే ఎక్కడా లేదయ్యా! నీ ఉద్యోగం ఎవడు తీస్తాడో చూస్తాను!"

పంతెలిమోన్ చివరి పేజీ లాక్కుని చూశాడు. బోస్తాన్‌ల ఎదురుగా ఏడు సంతకాలు. సిరా ఇంకా తడిగా ఉంది.

పెట్టె తెరిచారు. మూడువందల అయిదు ఓట్లు అభ్యర్థికి పడ్డాయి. అడుగున ఏడు కాగితాలు ఒకదానిలో ఒకటి మడిచి ఉన్నాయి. ముట్టుకుంటే మంచుగడ్డల్లా చల్లగా ఉన్నాయి. ఏడింటి మీదా ఒకే వాక్యం, ఏడు రకాల చేతిరాతల్లో. చివరిది ఇంకా కలం పట్టడం సరిగా రాని పిల్లవాడి రాత. "మా ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

"చెల్లనివి, ఏడు" అని స్పిరిదోన్ చదవకుండానే రాసుకుని, పంతెలిమోన్ వీపు తట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఉద్యోగమైతే నిలిచింది. మర్నాడు పొద్దున్న పంతెలిమోన్, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఆఫీసు తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు.