పెద్దాయన కంటే ముందు నొక్కేదెవరు?

ఇండోనేషియాలోని సోలో ఊళ్లో ఒక బస్సు కంపెనీకి పన్నెండు టికెట్ కౌంటర్లున్నాయి. బడి సెలవులు మొదలయ్యే ఆ శనివారం ఉదయం, కంప్యూటర్లు చూసుకునే వెనింగ్ ఒక్కటే అనుకుంది: ఇవాళ పని ఆగకూడదు. ఆగితే సాఫ్ట్‌వేర్‌ను జకార్తా వాళ్లకు అప్పగించి, ఆమెను పాత ఫైళ్ల గదికి పంపుతానని డైరెక్టర్ హండోకో ముఖం మీదే చెప్పాడు. పందొమ్మిదేళ్ల చాకిరీకి బహుమానం ఫైళ్ల గది!

అందుకే వారం రోజులు తంటాలు పడి అన్నీ సర్దింది. రెండు సర్వర్లకు చెరి ఆరు కౌంటర్లు పంచింది. ప్రయాణ తేదీ మార్చమన్న టికెట్లను ఆమోదించే అధికారం ఆరుగురికిచ్చి, ఆ పని వాళ్లకు వంతులవారీగా అందేలా అమర్చింది. ఎవరైనా భోజనానికి వెళ్తే తన వంతు పక్కవాళ్లకు పంపుకునే వీలు కూడా పెట్టింది. అదే కొంప ముంచింది.

తొమ్మిదింటికల్లా జనం రోడ్డు మీదికి వచ్చేశారు. తేదీ మార్పు టికెట్ ఒక్కటీ కదలడం లేదు. చూస్తే సర్వర్లు రెండూ గోళ్లు గిల్లుకుంటున్నాయి. నూట నలభై టికెట్లూ దర్సొనో గారి తెర మీద ఉన్నాయి. ఆరుగురిలో ఆయనే పెద్ద. ఒక్కో ప్రయాణికుడి పేరూ పైకి చదివి, ఆలోచించి, అప్పుడు నొక్కుతున్నాడు.

వెనింగ్ అందరికంటే చిన్నదైన లారస్ మీద విరుచుకుపడింది. "నీ వంతువి ఆయనకెందుకు పంపావు?"

"పెద్దాయన ఉండగా నేను ముందు నొక్కితే ఏం బాగుంటుంది, బు?" 'బు' అంటే అక్కడ అమ్మగారని.

"మర్యాద చూపించడానికి అదేమన్నా పెళ్లి భోజనమా? బటన్!"

"బటనైనా ఆయన తర్వాతే కదండీ."

మిగతా నలుగురిదీ అదే పాట. వెనింగ్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ పంపుకునే వీలు తీసేయాలంటే సాఫ్ట్‌వేర్ మొత్తం ఆపాలి. పదింటికి డైరెక్టర్ వస్తాడు.

"కాస్త త్వరగా కానివ్వండి, దర్సొనో గారూ!"

"తొందరేముందమ్మా? ఈవిడ సెమరాంగ్ వెళ్తోందట. మా తోడల్లుడిదీ ఆ ఊరే. టీ తాగుతావా?"

ఇక ఆగలేకపోయింది. ఆ ఊళ్లో పెద్దవాళ్ల కుర్చీని కూడా అడగకుండా జరపరు. అయినా పళ్లు బిగించి, ఆయన అధికారం తీసేసింది.

దర్సొనో గారు కళ్లజోడు తీసి మడిచాడు. "హమ్మయ్య! ఎవరు తీసేస్తారా అని పొద్దుటి నుంచీ చూస్తున్నానమ్మా. నా అంతట నేను వద్దంటే నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నా."

ఆయన దగ్గర మిగిలినవన్నీ తిరిగి ఐదుగురికీ వెళ్లాయి. వెనింగ్ ఊపిరి పీల్చుకునేలోగా, అన్ని అధికారాలూ ఉన్న ఆమె తెర మీదే ఒకటి కనబడింది. తర్వాత తొమ్మిది. తర్వాత నూట ముప్పై.

"లారస్!"

"ఆయన తర్వాత పెద్ద మీరే కదా, బు!"

తిట్టే తీరిక లేదు. వెనింగ్ నొక్కడం మొదలుపెట్టింది. పదింటికి హండోకో వచ్చేసరికి వరసలు కదులుతున్నాయి, ఆమె తలెత్తడం లేదు.

"ఆవిడ నొక్కందే ఇక్కడ ఒక్క టికెట్టూ కదలదండీ," అన్నాడు దర్సొనో గారు టీ ఊదుకుంటూ, గర్వంగా.

డైరెక్టర్ చలించిపోయాడు. "ఇలాంటి మనిషినా నేను ఫైళ్ల గదికి పంపుతానన్నది! సాఫ్ట్‌వేర్ మీ చేతిలోనే ఉంటుంది, బు. ఆమోదాలన్నీ కూడా, ఇక మీదట."

వెనింగ్ నోరు తెరిచింది. కానీ ఆయన డైరెక్టర్, ఎదురు చెప్పడం బాగుండదు. మూసుకుంది.

ఆ సాయంత్రం నివేదికలో సర్వర్ల మీద భారం చెరి సగం అని వచ్చింది. వెనింగ్ మీద భారం రాయడానికి అందులో గడి లేదు.